ఆరు చరణాలు, అయిదు నిమిషాలు

12 మార్చి 2001, సోమవారం

పదిహేడు రోజులు. ఏడాది పైన నడవాల్సిన మోటారు పదిహేడు రోజులకే కాలి కూర్చుంది.

పొద్దున్న నేను వర్క్‌షాపులో అడుగు పెట్టేసరికి మా యజమాని రామ్మోహనరావు గారు ఫోను చెవికి ఆనించుకుని నిలబడి ఉన్నారు. ఆయన నిలబడి మాట్లాడుతున్నారంటే అవతల చమురు కంపెనీ వాళ్ళన్నమాటే. గోదావరి జిల్లాలో బావి. ఆరువేల అడుగుల లోతున పంపు. ఫిబ్రవరి 21న దింపారు, దింపినవాడు బావుల దగ్గర మా పని చూసే నరసరాజు. మోటారులోకి నీళ్ళు చేరాయని అక్కడివాళ్ళు అంటున్నారు. నీళ్ళు చేరకుండా కాపాడాల్సిన ప్రొటెక్టర్ మాది. నంబరు 47. దాని టెస్ట్ షీటు మీద సంతకం నాది.

షీటు తీసి చూశాను. ఫిబ్రవరి 13, మంగళవారం. షాఫ్ట్ సరి. సీళ్ళు సరి. రబ్బరు బ్యాగు, అయిదు నిమిషాలు, ముల్లు కదల్లేదు. అన్నీ నా చేతిరాతే.

అయిదు నిమిషాలు పెట్టాను. ఎప్పట్లాగే.

ఈ డైరీ మా ఆవిడ కాంతమణికి వాళ్ళ స్కూల్లో ఎవరో ఇచ్చారు. జనవరి నుంచి ఖాళీగా పడి ఉంది. ఊరికే పాడైపోవడం ఎందుకని రాస్తున్నాను, అంతే.

13 మార్చి

భోజనాల దగ్గర కాంతమణి అడిగింది. "పదమూడేళ్ళ నుంచి చర్లపల్లి బస్సెక్కి వెళ్ళొస్తున్నారు. అక్కడ మీరు చేసేదేమిటో నాకిప్పటికీ అర్థం కాదండీ."

ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పే మనిషి అనాల్సిన మాట కాదు. అయినా చెప్పాను. బావిలో పైన పంపు, కింద మోటారు, రెంటికీ మధ్య మా ప్రొటెక్టర్. మోటారు నిండా నూనె ఉంటుంది. నడుస్తుంటే వేడికి నూనె పొంగుతుంది. ఆపితే చల్లబడి తగ్గుతుంది. తగ్గినప్పుడు బావిలో నీళ్ళను లోపలికి లాక్కోవాలని చూస్తుంది. ఆ నూనెకీ ఆ నీళ్ళకీ మధ్య అడ్డం రబ్బరు బ్యాగు. అది నూనెతోపాటు ఉబ్బుతుంది, తగ్గుతుంది, రెండూ కలవకుండా చూస్తుంది.

"నడుం నొప్పికి వేడినీళ్ళు పోసి పెట్టుకుంటాం చూడండి, అలాంటి సంచీయా?"

"అలాంటిదే. పొడుగ్గా ఉంటుంది."

"దానికి చిల్లు పడితే?"

"చిల్లున్నది నా బల్ల దాటి పోదు."

ఆ మాట కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను. పచ్చడి గిన్నె నా వైపు జరిపింది.

15 మార్చి

రేపు ఎవరైనా అడిగితే తడుముకోకూడదు. అందుకని రాసి పెట్టుకుంటున్నాను.

బ్యాగులోకి కొద్దిపాటి గాలి ఎక్కించి, కవాటం కట్టేసి, గేజ్ ముల్లు వంక అయిదు నిమిషాలు చూడాలి. గీత మీద నుంచి దిగకూడదు. సన్నటి చిల్లు అయితే మొదట్లో ఏమీ తెలియదు. మూడో నిమిషం దాకా బుద్ధిమంతుడిలా ఉండి, తరవాత వెంట్రుకవాసి జారుతుంది. అందుకే రెప్ప వేయకుండా చూడాలి. గడియారం చూడ్డానికి తల తిప్పామా, ముల్లు కదలిక తప్పిపోతుంది. గేజ్ మీదా గడియారం మీదా చెరో కన్ను వేసేవాడు రెంటికీ కాకుండా పోతాడు.

నేను గడియారం చూడను. పాడతాను. మా చర్చి సంఘంలో అందరికీ వచ్చిన ఆరు చరణాల పాట ఒకటుంది. పల్లవితో సహా మొత్తం పాడితే సరిగ్గా అయిదు నిమిషాలు. 1988లో అప్పటి మేనేజరు స్టాప్‌వాచ్ పట్టుకుని మూడుసార్లు చూశాడు. నాలుగు నిమిషాల యాభై ఎనిమిది, అయిదు, అయిదూ రెండు. "నీ గొంతుకు కీ ఇచ్చారయ్యా" అన్నాడు. ఆయన పోతూ పోతూ స్టాప్‌వాచ్ పట్టుకుపోయాడు. నా పాట మిగిలింది. పదమూడేళ్ళలో నా బ్యాగు ఒక్కటీ వెనక్కి రాలేదు.

ఇది గొప్ప చెప్పుకోవడం కాదు. రికార్డు ఉంది.

18 మార్చి, ఆదివారం

ఆరాధన తరవాత క్వయర్ ప్రాక్టీసు. గుడ్ ఫ్రైడేకి కూడా ఆ పాటే. రిచర్డ్ మళ్ళీ పాటని తరిమాడు. లూకా మాష్టారు హార్మోనియం ముందు కూర్చున్న రోజుల్లో ఒక్కో మాటకీ చోటుండేది. ఆయన డిసెంబరులో పోయారు. జనవరి మొదటి ఆదివారం నుంచి ఈ కుర్రాడి కీబోర్డు, దాంట్లో తయారుగా ఉన్న తాళం. టకటక టకటక. సంఘం నూరేళ్ళ పండుగకని జనవరి అంతా వారానికి మూడు రోజులు మాచేత అదే పాట పాడించాడు. నాకు మూడో చరణంలో ఊపిరి అందదు. అందరూ బాగుందంటున్నారు.

21 మార్చి, బుధవారం

47 వచ్చింది. లారీలోంచి దింపి బల్ల మీదికి ఎక్కించేసరికి పదకొండైంది. రామ్మోహనరావు గారు, నేను, విప్పడానికి సత్తయ్య. నరసరాజుని కూడా పిలిపించారు. రాత్రి బస్సుకి వచ్చాడట, మాసిన చొక్కా, ఊడిన గుండీ. ఈ మనిషి నాకు మొదటి నుంచీ పడడు. ఈల వేస్తూ పని చేస్తాడు. పనిముట్ల పెట్టె మీద కూర్చుంటాడు. నన్ను వెనకాల 'పాటల మాష్టారు' అంటాడని విన్నాను.

సత్తయ్య కింద ప్లగ్గు విప్పగానే నూనె బదులు మజ్జిగలాంటిది కారింది.

"నీళ్ళు మస్తు పోయినయ్ సార్" అన్నాడు సత్తయ్య.

అది తెలుస్తూనే ఉంది. ఎటు నుంచి పోయాయన్నదే ప్రశ్న. రెండే దారులు. ఒకటి బ్యాగు. ఇంకొకటి నూనె నింపాక బిగించే ప్లగ్గు. ఆ ప్లగ్గు కింద సీసం వాషరు ఉంటుంది. ఒకసారి బిగిస్తే నలిగి కూర్చుంటుంది. వదులు చేస్తే తీసి పారేసి కొత్తది వేయాలి. బావి దగ్గర ఆ పని రాజుది.

నేనే దీపం కింద పట్టుకుని చూశాను. వాషరు మీద ఒకటి కాదు, రెండు గుండ్రటి గీతలు.

"ఇది రెండుసార్లు బిగించిన వాషరు" అన్నాను.

రాజు మొహం పాలిపోయింది. "ఆయ్, కొత్త వాషరేనండి. నూనె కొంచెం చెమ్మగా కనపడితే ఓసారి వదులు చేసి, మళ్ళీ గట్టిగా బిగించేనండి."

"అదే వాషరుతోనా?"

రాజు తల దించుకున్నాడు.

"బ్యాగుకి సుత ఒకపారి గాలి పెట్టి చూద్దామా అన్నా?" అన్నాడు సత్తయ్య. విప్పినప్పుడు మామూలుగా చేసేదే.

బావిలో నానిన రబ్బరు, చమురు తాగి ఉబ్బి ఉంటుంది, దాని మీద పరీక్ష నమ్మలేం అన్నాను. రామ్మోహనరావు గారు తల ఊపారు. నా మాట మీద ఎవరూ మాట్లాడరు. అది నిజమే కూడా, నానిన రబ్బరు వేరు.

22 మార్చి

బ్యాగు తుడిచి అలమారాలో పెట్టాను. తాళం నా దగ్గరే ఉంది. నిర్లక్ష్యంగా పడేస్తే పాడవుతుందని.

24 మార్చి

రామ్మోహనరావు గారు గదిలోకి పిలిచారు. "మన షీటు క్లీన్‌గా ఉంది కదండీ దేవానందం గారూ?" అన్నారు. ఉందన్నాను. "అయితే ఏప్రిల్ పదిన కంపెనీ ఇంజనీరు కుసుమకుమారి గారు వస్తారు. రిపోర్టు మీద సంతకాలు అయిపోతే రాజు సైట్ కార్డు వాళ్ళు రద్దు చేస్తారు. నాకూ బాధగానే ఉంది. ఏం చేస్తాం?"

ఆ కార్డు లేకపోతే ఏ బావి గేటు దగ్గరా లోపలికి రానివ్వరు. ఇంకే కంపెనీ తీసుకోదు. పద్దెనిమిదేళ్ళుగా రాజుకి తెలిసిన పని అదొక్కటే.

వాషరు మార్చి ఉండాల్సింది.

25 మార్చి, ఆదివారం

రాయకుండా పడుకుందామనుకున్నాను. 

ప్రాక్టీసు అయ్యాక మేబెల్ అక్కయ్య చెప్పులు వెతుక్కుంటూ నాతో అంది. "తమ్ముడూ, ఈ పిల్లాడొచ్చాక ప్రాణం హాయిగా ఉందనుకో. పన్నెండింటికల్లా ఇంట్లో ఉంటున్నాను. ఆరు చరణాల పాట మూడు నిమిషాల్లో తెమిలిపోతోంది. ఇదివరకు అది మొదలెడితే నేను ఓ కునుకు తీసి లేచేదాన్ని."

"మూడు నిమిషాలు కాదులే" అన్నాను.

"నేను చూశానుగా, గోడ గడియారం నా ఎదురుగానే."

చిలకలగూడలో మా ఇంటి దాకా నడిచే వచ్చాను. ఆటోలు అడిగినా ఎక్కలేదు.

26 మార్చి, సోమవారం

ఉగాది, వర్క్‌షాపుకి సెలవు. పక్కింటి వీరరాఘవమ్మ గారు పచ్చడి పంపించారు. కాంతమణి వాళ్ళింటికి గిన్నె తిరిగివ్వడానికి వెళ్ళినప్పుడు ఆమె చేతి గడియారం తీసుకుని స్నానాల గదిలోకి వెళ్ళాను. గేజ్ బదులు గోడ మీద గీత ఒకటి చూసుకుంటూ పాడాను. అలవాటుగా, సన్నగా, పని చేసుకుంటూ పాడినట్టే.

మూడు నిమిషాల పన్నెండు సెకన్లు.

మళ్ళీ పాడాను. ఈసారి నెమ్మదిగా పాడాలని గట్టిగా అనుకుని. మొదటి చరణం నెమ్మదిగానే నడిచింది. రెండో దాంట్లో ఆ టకటక ఎక్కడి నుంచో వచ్చి కూర్చుంది. మూడూ ఇరవై.

"ఎంతసేపండీ, నీళ్ళు చల్లారిపోలేదా?" అని కాంతమణి తలుపు కొట్టింది.

27 మార్చి

అయితే ఇది ఇవాళ్టి సంగతి. ఫిబ్రవరి 13న ఏ వేగంతో పాడానో ఎవరికి తెలుసు? నూరేళ్ళ పండుగ ఫిబ్రవరి 11. అంటే పరీక్ష దానికి రెండు రోజుల తరవాత. పండుగ అయిపోయాక మనిషి తన పాత ధోరణికి వెళ్ళిపోతాడు. పదమూడేళ్ళ అలవాటు ఎక్కడ, ఆరు వారాల అలవాటు ఎక్కడ.

పాత వేగంతోనే పాడి ఉంటాను.

28 మార్చి

జనవరి నుంచి నేను పరీక్ష చేసినవి అయిదు. 46 నుంచి 50 దాకా. 47 కాలిపోయింది. 46, 48 బావుల్లో నడుస్తున్నాయి. 49, 50 మా స్టోర్లోనే ఉన్నాయి.

29 మార్చి

మధ్యాహ్నం భోజనాల టైములో అందరూ బయట ఉండగా 49, 50లకి మళ్ళీ గాలి పెట్టాను. గడియారం చూస్తూ అయిదేసి నిమిషాలు. ముల్లు కదల్లేదు. రెండూ సరి. హాయిగా అనిపించి ఏ.ఎస్. రావు నగర్‌లో బస్సు దిగి కాంతమణికి జిలేబీ కొన్నాను.

ఆ రెండూ సరిగ్గా ఉన్నప్పుడు 47 మాత్రం ఎందుకు సరిగ్గా ఉండదు?

47 బ్యాగు అలమారాలో ఉంది. దానికి గాలి పెట్టలేదు. టైము చాలలేదు.

31 మార్చి, శనివారం

సాయంత్రం రాజు ఇంటికి వచ్చాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాలేదు. గుమ్మం అవతలే చెప్పులు విడిచి, కుర్చీ అంచున కూర్చున్నాడు. కాంతమణి టీ ఇచ్చింది.

"ఒక్క మాట అడిగి పోదామని వచ్చేనండి. మీరు కోప్పడకూడదు. ఆ బ్యాగుకి గాలి పెట్టి అయిదు నిమిషాలు చూసేరాండి?"

"చూశాను" అన్నాను.

టీ మొత్తం తాగి గ్లాసు కింద పెట్టాడు. ఆ తరవాత తలూపాడు.

"అయితే తప్పు నాదేనండి. మీరు చూసేనంటే చూసినట్టే. ఆ పూట వాన పట్టుకుందండి, క్రేన్‌వాడు తొందరపెట్టేసేడు. కొత్త వాషర్లు జేబులోనే ఉన్నాయండి. మార్చకుండా బిగించేసేను. అది చాలదూ? సంతకం పెట్టేస్తానండి పదో తారీకున."

లేచి చెప్పులు వేసుకుంటూ మళ్ళీ అన్నాడు. "రిగ్గు మీద కొత్తవాళ్ళకి నేను చెప్తూంటానండి. సికింద్రాబాదులో పాటల మాష్టారని ఒకరున్నారు, ఆయన పాడి పంపిన ముక్కని కళ్ళు మూసుకుని దింపేయొచ్చని. ఆయ్, ఎన్నిసార్లు చెప్పేనో!"

వీధి మలుపు దాకా సాగనంపాను. ఏదో చెబుదామనే వెళ్ళాను. బస్సు నంబరు చెప్పి వచ్చాను.

1 ఏప్రిల్

గుడికి వెళ్ళలేదు. జ్వరమని చెప్పాను. జ్వరం లేదు.

4 ఏప్రిల్

46, 48 నడుస్తూనే ఉన్నాయట. స్టోర్ గుమాస్తా కామాక్షిని ఏదో మాటల్లో అడిగినట్టు అడిగాను. "ఎందుకు సార్ రోజూ అడుగుతున్నారు?" అంది. రోజూ అడుగుతున్నానా?

8 ఏప్రిల్, మట్టల ఆదివారం

మట్ట పట్టుకుని నిలబడ్డాను. పెదవులు కదిపాను, పాడలేదు. రిచర్డ్ తరవాత దగ్గరికి వచ్చి, "అంకుల్, టెంపో మీకు కష్టంగా ఉందా? కొంచెం తగ్గించమంటారా?" అన్నాడు. ఎంత మర్యాదగా అడిగాడో. మూడు నెలలుగా నేను ఈ పిల్లాడి మీద కోపంగా ఉన్నాను. వాడు నా పాట వేగం మార్చాడు, నిజమే. కానీ గుడిలో పాటని తీసుకెళ్ళి పరీక్ష బల్ల మీద గడియారం చేసింది వాడు కాదు.

9 ఏప్రిల్, సోమవారం

మొదటి బస్సుకే వెళ్ళిపోయాను. వాచ్‌మన్ తాళం తీశాడు. అలమారాలోంచి 47 బ్యాగు తీసి బల్లకి బిగించి గాలి ఎక్కించాను. కాంతమణి గడియారం గేజ్ పక్కనే ఆనించి పెట్టుకున్నాను. పాట ఎత్తుకున్నాను.

ఆరో చరణం అయిపోయింది. మూడూ పదిహేను. ముల్లు గీత మీదే ఉంది.

ఫిబ్రవరిలో నేను ఇక్కడే కవాటం తిప్పి గాలి వదిలేసి, షీటు మీద రాశాను. ఇక అనుమానం లేదు. ఇక్కడే ఆపేశాను. అదే బల్ల, అదే స్టూలు.

ఇవాళ ఆపలేదు. మూడున్నర. మూడూ నలభై. నాలుగు దాటాక ముల్లు జారింది. అయిదయ్యేసరికి గీతకి బాగా కిందికి దిగింది. సబ్బు నురగ పూసి చూస్తే, పైన పట్టీ బిగించే చోట ఒక బుడగ, చిన్నది, నెమ్మదిగా ఉబ్బుతోంది. నానిన రబ్బరూ కాదు, పాడూ కాదు. పట్టీ అంచు కోసుకున్న గాటు. బిగించిన రోజు నుంచీ ఉన్నదే.

ఎప్పుడొచ్చాడో సత్తయ్య వెనక నిలబడి ఉన్నాడు.

"ఏందన్నా, గింత జల్ది వచ్చినవ్?" అన్నాడు. ఆ తరవాత గేజ్ చూశాడు, బుడగ చూశాడు. చాలాసేపు తల గోక్కున్నాడు. "నేనేం చూడలే అన్నా. జెర సేపైతే అందరొస్తరు. లోపల పెడ్తవా, బయట పెడ్తవా, నీ ఇష్టం. నన్ను పరేషాన్ చెయ్యకు."

లోపలే పెట్టాను.

ఇంటికొచ్చి కాంతమణికి మొత్తం చెప్పాను. లూకా మాష్టారి దగ్గర్నుంచి బుడగ దాకా. ఆమె జవాబు పత్రాలు దిద్దుతోంది. ఎర్ర పెన్ను కింద పెట్టకుండానే విన్నది.

"అయిదని రాశారు. అయిదు కాదు, మూడు. ఇంతేగా చెప్పాల్సింది?"

"పదమూడేళ్ళ పేరు ఉంది కాంతం."

"ఆ పేరు చూసేగా పాపం ఆయన సంతకం పెడతానన్నాడు" అంది.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, ఆమె ముందు దాచుకునేదేముంది.

10 ఏప్రిల్, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

కుసుమకుమారి గారు పదింటికి వచ్చారు. చిన్నమ్మాయే, ముప్ఫై ఉంటాయేమో, కానీ కాగితం చదివే తీరు గట్టిది. రామ్మోహనరావు గారు, రాజు, సత్తయ్య, నేను. రాజు ఇవాళ గుండీలన్నీ పెట్టుకుని వచ్చాడు. రిపోర్టు తిరగేస్తూ ఆవిడ ఒకచోట ఆగింది.

"బ్యాగ్ రీటెస్ట్ కాలమ్ ఖాళీగా ఉందేంటండీ?"

"ఆ రబ్బరు బాగా నానిపోయిందండీ. టెస్ట్ చేసినా నమ్మలేమని మా దేవానందం గారు అన్నారు. ఆయన చాలా సీనియర్" అన్నారు రామ్మోహనరావు గారు.

"ఓకే. అయితే నాట్ టెస్టబుల్ అని రాసేయండి" అని ఆవిడ పెన్ను నా వైపు జరిపింది.

పెన్ను తీసుకున్నాను. రాజు పక్కన కూర్చుని తన సంతకం వంతు కోసం చూస్తున్నాడు. రాసేస్తే అయిపోయేది. రెండే మాటలు.

"టెస్ట్ చేయొచ్చండీ" అన్నాను. "నేను నిన్న చేశాను. మీ అందరి ముందూ మళ్ళీ చేస్తాను."

బల్ల దగ్గరికి వెళ్ళాం. బ్యాగు బిగించాను, గాలి ఎక్కించాను. కాంతమణి గడియారం రాజు చేతిలో పెట్టాను. "నేను మొదలెట్టగానే చూడండి. ఆపగానే చెప్పండి" అన్నాను. అతనికి ఏమీ అర్థం కాలేదు.

పాడాను. సన్నగా కాదు, అందరికీ వినపడేలా. రామ్మోహనరావు గారు నాకేమైనా అయిందా అన్నట్టు చూశారు. ఆవిడ చేతులు కట్టుకుని వింది. ఆరు చరణాలూ పూర్తి చేసి ఆపాను.

"ఎంత?"

"మూడు నిమిషాల పది సెకన్లండి" అన్నాడు రాజు.

"ఫిబ్రవరి పదమూడున నేను చూసింది ఇంతే. అయిదని రాశాను. ఆ ముల్లు చూడండి, ఇప్పటిదాకా సరిగ్గానే ఉంది. కాసేపు ఆగండి."

రాజు గడియారం మానేసి ముల్లునే చూస్తున్నాడు. నాలుగు దాటాక జారింది. సత్తయ్య నేను అడక్కుండానే నురగ గిన్నె తెచ్చి పట్టీ దగ్గర పూశాడు. బుడగ వచ్చింది.

అంతా చెప్పాను. పాట సంగతి, దాని వేగం మారిన సంగతి, నాకు తెలిసిన తారీకు, తెలిశాక కూడా రాజుకి మా ఇంట్లో చెప్పిన అబద్ధం. 46, 48 కూడా ఇదే పాటతో బావుల్లోకి వెళ్ళాయని కూడా చెప్పాను. అది వినగానే ఆవిడ మొహం మారిపోయింది. వెంటనే బయటికి వెళ్ళి ఫోను చేసుకుంది.

రామ్మోహనరావు గారు కుర్చీలో కూలబడ్డారు. "పాటేంటండీ? పాటేంటి అసలు? నాకొక్క ముక్క చెప్పుంటే వంద గడియారాలు పెట్టించేవాణ్ణి కదండీ!"

రాజు మాత్రం ఒక్కటే అన్నాడు. "ఆ రోజు మీ ఇంటికి వచ్చేనండి." అంతే. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేది.

ఆవిడ తిరిగొచ్చి రిపోర్టులో రాసింది. కారణం, బ్యాగు, పరీక్షలో లోపం. దాని కింద, వాషరు మార్చకపోవడం, హెచ్చరిక. "నా తప్పు కూడా రాయండి మేడమ్" అని రాజే అడిగి రాయించుకున్నాడు. కార్డు రద్దు కాలేదు.

12 ఏప్రిల్

నన్ను పరీక్ష బల్ల నుంచి తీసేసి స్టోర్లో కామాక్షి దగ్గర వేశారు. బోల్టులు లెక్కపెట్టే పని. ఉద్యోగం పోలేదు. పోవాల్సింది అని నేను అనుకోవడం లేదు, పోతుందని మాత్రం అనుకున్నాను. బల్ల మీద ఇకనుంచి సత్తయ్య.

13 ఏప్రిల్, గుడ్ ఫ్రైడే

పాడాను. రిచర్డ్ వేగంతోనే. మూడో చరణంలో ఊపిరి అందలేదు, ఆగి, నాలుగో చరణంలో కలుసుకున్నాను.

17 ఏప్రిల్

46, 48లని ఇప్పుడే పైకి లాగకూడదని కంపెనీ నిర్ణయించింది. రోజూ కరెంటు రీడింగ్ తీస్తూ, మోటారులోకి తడి చేరిన జాడ కనపడగానే ఆపేస్తారట. రీడింగ్ తీసేది రాజు.

పదింటికి స్టోర్లో ఫోను మోగింది. "దేవానందం గారాండి? 46 బాగుందండి. 48 బాగుందండి." పెట్టేశాడు.

18 ఏప్రిల్

పదింటికి. రెండూ బాగున్నాయట.

19 ఏప్రిల్

బాగున్నాయి.

23 ఏప్రిల్, సోమవారం

ఇవాళ పదిన్నరైనా ఫోను రాలేదు. బోల్టులు మూడుసార్లు లెక్కపెట్టాను, మూడుసార్లూ వేరే వేరే అంకెలు వచ్చాయి. పదకొండుకి మోగింది. "దారిలో జీపు ఆగిపోయిందండి. మీరు కంగారు పడతారని పరిగెత్తుకొచ్చేను. రెండూ బాగున్నాయండి, ఆయ్." ఎందుకు చేస్తున్నావు రాజూ రోజూ, అని అడగాలనుకున్నాను. అడిగితే మానేస్తాడేమోనని అడగలేదు.

2 మే, బుధవారం

బల్ల దగ్గర గోడకి పెద్ద గడియారం వచ్చింది, గేజ్‌కి ఆనుకునే. ఎర్ర ముల్లు సెకన్లకి. తల తిప్పక్కర్లేదు. ఇంత చిన్న పని పదమూడేళ్ళలో నాకు తట్టలేదు. తట్టనివ్వలేదు.

సీళ్ళ పెట్టె ఇవ్వడానికి వెళితే సత్తయ్య 51కి గాలి పెడుతున్నాడు. నేను వెనక్కి తిరుగుతుంటే, "ఆగన్నా" అన్నాడు.

"ఏమైంది?"

"ఏం కాలే. అయిదు నిమిషాలు ఊకె నిలబడాల్నంటే పానం పోతున్నది. జెర పాడరాదే."

"గడియారం ఉందిగా."

"గడియారం పని గడియారం చేస్తది. నువ్వు పాడు."

పెట్టె కింద పెట్టి అతని పక్కన నిలబడ్డాను. ఎలా ఎత్తుకుంటానో నాకే తెలియదు. లూకా మాష్టారి పాట ఇక రాదు, రిచర్డ్ పాట పూర్తిగా అబ్బలేదు. రెంటికీ మధ్య ఎక్కడో వచ్చింది. ఆరు చరణాలు అయిపోయేసరికి గడియారం నాలుగో నిమిషం దాటి నడుస్తోంది.

నేను ఆపేశాను. ఇద్దరం గేజ్ వంక చూస్తూ నిలబడ్డాం, అయిదూ అయ్యేదాకా.